సిద్ధార్థుడు పెరిగిన ఊరు ఏది? కపిలవస్తు చిక్కుముడి

2025 మే 7న హాంకాంగ్‌లో జరగవలసిన ఒక వేలం చివరి నిమిషంలో వాయిదా పడింది. సోథబీస్ సంస్థ అమ్మకానికి పెట్టినవి మామూలు నగలు కావు. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా అనే పల్లెలో ఒక బౌద్ధ స్తూపం అడుగున, అస్థికలతో కలిసి రెండు వేల ఏళ్ళకు పైగా భూమిలో ఉన్న రత్నాలు, బంగారు రేకుల పూలు అవి. 1898లో ఆ స్తూపాన్ని తవ్వించిన విలియం క్లాక్స్‌టన్ పెప్పె అనే ఎస్టేటు యజమాని వాటాగా ఉంచుకున్నవి వారసుల చేతుల మీదుగా వేలం దాకా వచ్చాయి. భారత ప్రభుత్వం లీగల్ నోటీసు పంపింది, వేలం ఆగింది, గోద్రెజ్ కుటుంబానికి చెందిన పారిశ్రామికవేత్త వాటిని కొనడంతో జూలై 30న అవి స్వదేశానికి చేరినట్టు ప్రకటన వచ్చింది.

ఈ వార్త రాసిన పత్రికల్లో కొన్ని పిప్రహ్వాను ‘బుద్ధుడు పుట్టిన కపిలవస్తు’ అన్నాయి, కొన్ని ‘బుద్ధుడు పెరిగిన కపిలవస్తు’ అన్నాయి, ఇంకొన్ని ‘కపిలవస్తు దగ్గరి స్తూపం’ అని సరిపెట్టాయి. నేపాల్‌లో మాత్రం కపిలవస్తు అంటే పిప్రహ్వా కాదు, అక్కడికి పదహారు, పదిహేడు కిలోమీటర్ల దూరంలో సరిహద్దుకు ఆవల ఉన్న తిలౌరాకోట్. ఆ ప్రాంతానికి వెళ్ళే యాత్రికుడికి రెండు చోట్లా దాదాపు ఒకే మాట వినిపిస్తుంది: సిద్ధార్థుడు ఇరవై తొమ్మిదేళ్ళు గడిపిన ఊరు ఇదే. రెండింటిలో ఒకటి అబద్ధమై ఉండాలని మొదట అనిపిస్తుంది. ఆధారాలను విడివిడిగా పరిశీలిస్తే, రెండు చోట్లా దొరికినవి అసలు ఒకే ప్రశ్నకు జవాబులు కావని తెలుస్తుంది.

పుట్టిన చోటు, పెరిగిన చోటు

బుద్ధుడు పుట్టింది లుంబినీ వనంలో. తల్లి మాయాదేవి పురిటికి పుట్టిల్లయిన దేవదహకు వెళుతూ దారిలోనే ప్రసవించిందని సంప్రదాయం చెబుతుంది. కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మనకు కొత్తగా వివరించనక్కరలేని ఆచారం. ఆమె ఏడు రోజులకే చనిపోగా పినతల్లి మహాప్రజాపతి గౌతమి బిడ్డను పెంచింది. అంటే కథలో మూడు ఊళ్ళున్నాయి: తండ్రి ఊరు కపిలవస్తు, తల్లి పుట్టిల్లు దేవదహ, ఈ రెండింటి నడుమ లుంబిని.

లుంబిని విషయంలో పెద్ద తగాదా లేదు. 1896 డిసెంబరులో అక్కడ బయటపడిన అశోక స్తంభం మీద ‘హిద బుధే జాతే సక్యముని తి’ అని, అంటే ‘శాక్యముని బుద్ధుడు ఇక్కడ పుట్టాడు’ అని బ్రాహ్మీ లిపిలో ఉంది. అశోకుడు తన పాలన ఇరవయ్యో ఏట స్వయంగా వచ్చి పూజించానని, లుమ్మిని గ్రామానికి పన్ను తగ్గించానని కూడా అందులో చెప్పుకున్నాడు. బుద్ధునికి రెండు, మూడు వందల ఏళ్ళ తర్వాతి సాక్ష్యమే అయినా ఇంత సూటిగా ‘ఇక్కడ’ అని చెప్పే రాత మరే మతస్థాపకుని జన్మస్థలానికీ ఇంత పాతది దొరకడం కష్టం. 1997లో లుంబిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

కపిలవస్తుకు అలాంటి స్తంభం లేదు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

పిప్రహ్వా పెట్టె మీది ఒక్క వాక్యం

పిప్రహ్వా ఉత్తరప్రదేశ్‌లోని సిద్ధార్థనగర్ జిల్లాలో, నేపాల్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది. 1898 జనవరిలో పెప్పె మనుషులు అక్కడి దిబ్బను మధ్యలోంచి తవ్వుతూ పోగా, ఇటుక కట్టడం అడుగున దాదాపు ఏడు క్వింటాళ్ళ బరువున్న ఒకే రాతి పెట్టె కనిపించింది. లోపల ఐదు పాత్రలు, వాటిలో ఒకటి స్ఫటికంతో చేసినది. దాని మూతకు పిడి ఒక చేప బొమ్మ. ఆ చేప కడుపు బోలుగా ఉంటుంది, అందులో బంగారు రేకు ముక్కలు కూరి ఉన్నాయి. మిగతా పాత్రలు మెత్తటి సబ్బురాతితో చేసినవి. ఎముక ముక్కలు, ముత్యాలు, పగడాలు, పూరేకుల ఆకారంలో చెక్కిన రంగురాళ్ళు అన్నీ కలిసి ఉన్నాయి.

వాటిలో ఒక సబ్బురాతి పాత్ర మూత చుట్టూ గుండ్రంగా ఒక వాక్యం చెక్కి ఉంది: ‘సుకితి భతినం స భగినికనం స పుత దలనం ఇయం సలిల నిధానే బుధస భగవతే సకియానం’. తెలుగు పాఠకుడికి ‘సలిల’ అనగానే నీరు గుర్తొస్తుంది గాని, ఇది మగధ ప్రాంతపు ప్రాకృతం. అక్కడ ‘ర’కు బదులు ‘ల’ పలుకుతారు కనుక ఇది ‘శరీర’. ‘దలనం’ కూడా ‘దారల’, అంటే భార్యల. ‘సుకీర్తి సోదరులు, అక్కచెల్లెళ్ళతో, బిడ్డలతో, భార్యలతో కలిసి చేసిన, శాక్యుల, బుద్ధ భగవంతుని శరీర నిధానం ఇది’ అని ముక్కకు ముక్క అర్థం వస్తుంది.

శాక్యులు బుద్ధుని వంశంవారు. ఆ ‘శాక్యుల’ అన్న షష్ఠీ విభక్తి దగ్గరే పండితులు విడిపోయారు. ఒక వర్గం ప్రకారం శాక్యులు నిధానం చేసినవాళ్ళు, అస్థికలు బుద్ధునివి. జె.ఎఫ్. ఫ్లీట్ వాదన ప్రకారం అవి బుద్ధుని బంధువులైన శాక్యుల అస్థికలే. తెలుగులో ‘ఇది సుబ్బయ్యగారి అన్నదమ్ముల ఫోటో’ అంటే ఫోటోలో ఉన్నది అన్నదమ్ములా, లేక ఫోటో వాళ్ళ సొత్తా అన్నది సందర్భం చెప్పాలి, వ్యాకరణం చెప్పదు. మొదటి అర్థానికే ఎక్కువమంది మొగ్గారు. అక్షరాలు వలయంగా ఉండడంతో వాక్యం ఎక్కడ మొదలవుతుందన్నది కూడా మొదట్లో చర్చనీయమైంది.

ఈ శాసనాన్ని తొలినాళ్ళలో చదివినవారిలో జర్మన్ పండితుడు గేయార్గ్ బ్యూలర్ ఒకరు. అంతకు కొద్ది ఏళ్ళ ముందే ఆయన మన భట్టిప్రోలు స్తూపపు రాతి కరండాల (అస్థికల పెట్టెల) మీది శాసనాలను చదివి ప్రచురించారు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలులో బయటికి తీసిన ఆ కరండాల మీద కూడా దాతల పేర్లు, గోష్ఠి సభ్యుల పేర్లు ఉన్నాయి. ధాతువుల పెట్టె మీద ఇంటిల్లిపాది పేర ఇలా రాయించుకోవడం ఆనాటి అలవాటని భట్టిప్రోలు చూసినవారికి సులభంగా అర్థమవుతుంది. పిప్రహ్వా వాక్యాన్ని దాతల వాక్యంగా చదవడానికి నాకు బలంగా తోచే కారణం కూడా అదే.

మహాపరినిర్వాణ సూత్రం ప్రకారం బుద్ధుని అస్థికలను ఎనిమిది భాగాలు చేయగా, కపిలవస్తు శాక్యులకు ఒక వాటా వచ్చింది, దాని మీద వారు తమ ఊళ్ళో స్తూపం కట్టుకున్నారు. పిప్రహ్వా శాసనం శాక్యులదైతే, ఆ స్తూపం ఇదేనైతే, ఇదే కపిలవస్తు అన్నది వాదన. ఇందులో రెండు ‘అయితే’లున్నాయి. పైగా పెట్టె మీద ‘కపిలవస్తు’ అన్న మాటే లేదు. లిపి కూడా బుద్ధుడు పోయిన కొత్తల్లోదని తేల్చలేకపోయారు. దాన్ని అశోకుని కాలం నాటిదిగా చూసే పండితులు ఎక్కువ. అప్పటికి ఎక్కడో ఉన్న పాత స్తూపం నుంచి కొంత భాగం తెచ్చి ఇక్కడ పెట్టి ఉండవచ్చు.

నకిలీ అనుమానం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. అదే ఏడాది, అదే ప్రాంతంలో ప్రభుత్వ పురావస్తు అధికారిగా పనిచేస్తున్న ఆంటన్ ఫ్యూరర్, దొంగ అస్థికలను బర్మా భిక్షువుకు అంటగట్టిన వ్యవహారం బయటపడి 1898లో రాజీనామా చేశాడు. లేని స్తూపాన్ని చూసినట్టు రాసిన అతని పుస్తకాన్ని ప్రభుత్వం వెనక్కు తీసుకుంది. పక్క ఊళ్ళో ఇంత మోసం జరుగుతుంటే పిప్రహ్వాను మాత్రం ఎలా నమ్మాలన్న ప్రశ్న వందేళ్ళు వేలాడింది. అయితే తవ్వించింది పెప్పె, ఫ్యూరర్ కాదు. శాసనాన్ని తిరిగి పరిశీలించిన లిపి నిపుణులు అది అసలుదేనని తేల్చారు.

1899లో ఆ ఎముకలను బ్రిటిష్ ప్రభుత్వం సయాం (నేటి థాయ్‌లాండ్) రాజు చులాలాంగ్‌కోర్న్‌కు కానుకగా ఇచ్చింది. పెట్టె, పాత్రలు కలకత్తా మ్యూజియానికి చేరాయి. రత్నాల్లో కొంత పెప్పె దగ్గర మిగిలింది. 2025లో వేలానికి వచ్చింది ఆ కొంతే.

నలభై మట్టి ముద్రలు

పిప్రహ్వాకు అసలు బలం 1970లలో వచ్చింది. భారత పురావస్తు శాఖ తరఫున కె.ఎం. శ్రీవాస్తవ 1971 నుంచి 1977 వరకు అక్కడ తవ్వి, పెప్పె ఆగిన చోటికి ఇంకా కింద రెండు సబ్బురాతి పాత్రలు, వాటిలో ఇరవై రెండు ఎముక ముక్కలు కనుగొన్నారు. అవి ఇప్పుడు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. స్తూపం పక్కనున్న ఆరామం శిథిలాల్లో నలభైకి పైగా మట్టి ముద్రలు కూడా దొరికాయి. వాటి మీద ‘ఓం దేవపుత్ర విహారే కపిలవస్తు భిక్షు సంఘస’ అని ఉంది. కొన్నింటి మీద ‘మహా కపిలవస్తు’ అని ఉంది. ఇవి క్రీ.శ. 1, 2 శతాబ్దాలవి. ‘దేవపుత్ర’ కుషాణ రాజుల బిరుదు కాబట్టి విహారం వారి ఆదరణతో వెలసి ఉంటుంది.

పేరే దొరికింది కదా, ఇంకా ఏం కావాలి అనిపిస్తుంది. ముద్ర ఎలా పనిచేస్తుందో చూస్తే జవాబు అంత సులభం కాదని తెలుస్తుంది. ఒక ఉత్తరానికో మూటకో తాడు కట్టి, ముడి మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి, దాని మీద చెక్కిన అచ్చును నొక్కుతారు. అచ్చు పంపినవారి దగ్గర ఉండిపోతుంది, ముద్దేమో అందుకున్నవారి దగ్గర విరిగి పడుతుంది. తెనాలిలో ఒక ఇంటి అటక మీద బెజవాడ పోస్టాఫీసు ముద్రలున్న కవర్లు దొరికితే ఆ ఇల్లు బెజవాడలో ఉందని అనలేం. నలందలో ఇతర గ్రామాల పేర్లున్న ముద్రలు కూడా దొరికాయి, అవి అక్కడికి వచ్చినవే.

మరోవైపు, ఒకే సంఘం ముద్రలు ఒకే ఆరామంలో ఇన్ని దొరకడం బయటి నుంచి వచ్చిన ఉత్తరాలతో సులభంగా కుదరదు. కుశీనగరాన్ని గుర్తించడంలో అక్కడి మహాపరినిర్వాణ విహారం ముద్రలే తోడ్పడ్డాయి. అదే కొలమానం పిప్రహ్వాకు ఎందుకు వర్తించదని శ్రీవాస్తవ పక్షం అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

ఇంకొక మెలిక ఉంది. చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ కపిలవస్తు అని ఒక నగరాన్నే కాదు, నాలుగు వేల ‘లీ’ల (లీ అంటే చైనా దూరపు కొలత) చుట్టుకొలత ఉన్న దేశాన్నంతటినీ పిలిచాడు. గుంటూరు ఊరి పేరూ, జిల్లా పేరూ. భట్టిప్రోలు నుంచి వచ్చినవారు కూడా నిన్నమొన్నటి దాకా ‘మాది గుంటూరు’ అనే చెప్పుకునేవారు. కపిలవస్తు భిక్షు సంఘం అన్నప్పుడు ఊరి సంఘమో, ఆ సీమ సంఘమో మట్టి ముద్ద చెప్పదు. అన్నిటికీ మించి, ఆ ముద్ర బుద్ధునికి ఐదారు వందల ఏళ్ళ తర్వాతిది. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఈ విహారాన్ని కపిలవస్తుగా పిలిచారని అది గట్టిగా చెబుతుంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిద్ధార్థుని తండ్రి శుద్ధోదనుడు ఎక్కడున్నాడో అది చెప్పదు.

భిక్షువుల విహారాలు ఊరికి ఎడంగా ఉంటాయి. మరి ఊరేది? పిప్రహ్వాకు కిలోమీటరు దూరంలో ఉన్న గన్వారియాలో శ్రీవాస్తవ ఇటుక ఇళ్ళను, గదులున్న పెద్ద కట్టడాలను తవ్వి, అదే శాక్యుల రాజధాని అన్నారు. అక్కడ బుద్ధునికి ముందు కాలపు జనావాసపు పొరలు కూడా ఉన్నాయి. కాని కోటగోడ గాని, కందకం గాని కనిపించలేదు.

తిలౌరాకోట్: గోడలున్నాయి, పేరు లేదు

తిలౌరాకోట్ పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. నేపాల్‌లో తౌలిహవా పట్టణానికి ఉత్తరాన మూడు కిలోమీటర్ల దూరంలో, బాణగంగ ఒడ్డున, అర కిలోమీటరు పొడవు, అంతకు కాస్త తక్కువ వెడల్పు ఉన్న కోట అది. చుట్టూ కందకం, ద్వారాలు, లోపల చెరువు, ఇటుక పునాదులు ఉన్నాయి. 1899లో పి.సి. ముఖర్జీ ఇక్కడ పనిచేసి ఇదే కపిలవస్తు అని గుర్తించారు. తూర్పు ద్వారం దగ్గర నిలబెట్టి, సిద్ధార్థుడు కంథకాశ్వం మీద ఇల్లు వదిలి వెళ్ళింది ఇక్కడి నుంచే అని యాత్రికులకు చూపిస్తారు. కోట లోపలే సమయ్ మాయి అనే గ్రామదేవత గుడి ఉంది. మొక్కు తీరినవాళ్ళు తెచ్చిపెట్టిన ఏనుగు బొమ్మలు గుడి చుట్టూ వరుసలు తీరి ఉంటాయి. బుద్ధుని కోసం వచ్చినవారు పునాదుల మధ్య నెమ్మదిగా నడుస్తుంటే, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు నేరుగా ఆ గుడికే వెళతారు. ఆ స్థలంలో పూజ నేటికీ ఆగనిది ఆ ఒక్కచోటే.

1962లో పురావస్తు శాస్త్రవేత్త దేబలా మిత్ర ఇక్కడ చిన్న తవ్వకం జరిపి, కోటగోడ బుద్ధుని కాలం కంటే తర్వాతిదని అభిప్రాయపడ్డారు. భారతీయ పండితుల్లో తిలౌరాకోట్ మీద అనుమానం బలపడింది అక్కడి నుంచే. తర్వాత జపాన్‌లోని రిష్షో విశ్వవిద్యాలయం, నేపాల్ పురావస్తు శాఖ, 1990ల చివర మొదలుకొని బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రాబిన్ కనింగ్‌హామ్ బృందం పనిచేశాయి. భూమిని తవ్వకుండానే లోపలి గోడల జాడ పట్టే పరికరాలతో వీధులు, గదుల వరుసలు ఒక పద్ధతిలో ఉన్నాయని చూపారు. ఒక కుండలో 497 వెండి ముద్రాంకిత నాణేలు దొరికాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇటుక గోడ కింద మట్టికట్ట, దాని కింద కర్రలు పాతి కట్టిన దడి తాలూకు గుంతలు బయటపడ్డాయి. కర్ర కుళ్ళిపోయినా, అది నిలబడిన గుంతలో నిండిన మన్ను రంగు చుట్టూ ఉన్న మట్టి రంగుకు వేరుగా ఉంటుంది. ఆ తొలి దడి క్రీ.పూ. 6వ శతాబ్దం నాటిదని బృందం చెప్పింది. దేబలా మిత్ర చూసిన ఇటుక గోడ తర్వాతిదే కావచ్చు, కాని దాని కింద అంతకు ముందు మరో హద్దు ఉందన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బొగ్గులో మిగిలిన రేడియో కార్బన్‌ను లెక్కగట్టి వయసు చెప్పే పద్ధతికి క్రీ.పూ. 800 నుంచి 400 వరకు ఒక జబ్బుంది. ఆ నాలుగు వందల ఏళ్ళలో వాతావరణంలోని కార్బన్ మార్పుల వల్ల, క్రీ.పూ. 750లో కాలిన కట్టె, 450లో కాలిన కట్టె కొలతలో దాదాపు ఒకే వయసు చూపవచ్చు. ముల్లు కదలకుండా ఆగిపోయిన గడియారం లాంటి స్థితి అది. బుద్ధుని జీవితం సరిగ్గా ఆ ఆగిన గంటల్లోనే పడింది. పైగా ఆయన కాలం మీదే ఏకాభిప్రాయం లేదు: ఒక లెక్క క్రీ.పూ. 563-483 అంటుంది, ఇప్పుడు చాలామంది పరిశోధకులు ఇంచుమించు 480-400 అంటారు. అందుకే ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసిన కాలాన్ని కొలిచే మరో పద్ధతిని కూడా లుంబినిలో తోడు తీసుకున్నారు. అంతా చేశాక కూడా ‘ఈ దడి బుద్ధుని కాలానికి ఉండి ఉండాలి’ అన్నంత వరకే వస్తాం. ‘ఈ దడి లోపల ఆయన ఉన్నాడు’ అని ఏ పరికరమూ చెప్పదు. అందరూ ఒప్పుకున్న కపిలవస్తు నామశాసనం తిలౌరాకోట్‌లో నేటికీ దొరకలేదు.

ఇద్దరు యాత్రికులు, ఒక సాగే కొలబద్ద

క్రీ.శ. 5వ శతాబ్దం ఆరంభంలో ఫాహియాన్, 7వ శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ కపిలవస్తును చూశారు. మొదటివాడికి అక్కడ రాజూ లేడు, ప్రజలూ లేరు, దిబ్బలు, కొద్దిమంది భిక్షువులు, కొన్ని పదుల ఇళ్ళు మాత్రమే కనిపించాయి. రెండవవాడికి పాడుబడిన రాజధాని, ఇటుకలతో కట్టిన అంతఃపురపు హద్దులు కనిపించాయి. ధాన్యకటకం దాకా వచ్చి మన ప్రాంతం గురించి రాసిన హ్యుయాన్‌త్సాంగ్ ఇతనే.

దూరాలను వారు ‘లీ’లలో చెప్పారు. లీ ఎంత అన్నది కాలాన్ని, ప్రాంతాన్ని బట్టి మారింది. 300 మీటర్ల నుంచి 500 మీటర్ల దాకా లెక్కవేస్తారు. ఫాహియాన్ లుంబిని కపిలవస్తుకు తూర్పున 50 లీల దూరంలో ఉందన్నాడు. చిన్న లీ తీసుకుంటే 15 కిలోమీటర్లు, పెద్ద లీ తీసుకుంటే 25 కిలోమీటర్లు. ఇప్పుడు పటం మీద కొలిస్తే, పిప్రహ్వా నుంచి లుంబినికి గీత గీసినట్టు దాదాపు 15 కిలోమీటర్లు, తిలౌరాకోట్ నుంచి 25. ఒకే వాక్యం రెండు ఊళ్ళకూ అతుకుతుంది! దిక్కు చూస్తే మాత్రం కొంత తేడా ఉంది: పిప్రహ్వాకు లుంబిని ఇంచుమించు సూటిగా తూర్పు, తిలౌరాకోట్‌కు ఆగ్నేయం. ఫాహియాన్ మాట పిప్రహ్వా వైపు మొగ్గుతుంది.

హ్యుయాన్‌త్సాంగ్ లెక్క వేరు. ఆయన చెప్పిన అంతఃపురపు చుట్టుకొలత 14, 15 లీలు, అంటే తక్కువలో తక్కువ నాలుగు కిలోమీటర్లు. తిలౌరాకోట్ గోడల చుట్టుకొలత రెండు కిలోమీటర్లకు లోపే. గోడలు అసలే లేని గన్వారియాకు అది మరీ అతకదు. ఆయన చెప్పిన ఇటుక కోట అన్న మాట తిలౌరాకోట్‌ను తలపిస్తుంది, అంకె ఎవరికీ కుదరదు. ఇద్దరి వర్ణనలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం చూసే చరిత్రకారుడు విన్సెంట్ స్మిత్, ఫాహియాన్‌కు చూపిన కపిలవస్తు పిప్రహ్వా, హ్యుయాన్‌త్సాంగ్‌కు చూపినది తిలౌరాకోట్ అని ప్రతిపాదించాడు. యాత్రికుడు తనకు చూపించిన దాన్నే చూస్తాడు. వెయ్యేళ్ళ తర్వాత పాడుబడిన చోట రెండు ఊళ్ళవాళ్ళు తమదే అసలు ఊరని చెప్పుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

పాత ఊరు, కొత్త ఊరు

మరో వివరణ పాలి పండితుడు రైస్ డేవిడ్స్ ఇచ్చాడు. కోసల రాజు ప్రసేనజిత్తుకు శాక్యులు రాజకుమార్తె అని చెప్పి దాసీపుత్రికను ఇచ్చి పెళ్ళి చేశారు, ఆమె కొడుకు విడూడభుడు అమ్మమ్మగారి ఊరు వచ్చినప్పుడు అతను కూర్చున్న పీటను పాలతో కడిగించారు, ఆ అవమానానికి అతను రాజైన తర్వాత శాక్యులను ఊచకోత కోశాడు అని బౌద్ధ కథలు చెబుతాయి. పాత రాజధాని నాశనమయ్యాక మిగిలిన శాక్యులు దక్షిణానికి వచ్చి పిప్రహ్వా దగ్గర కొత్త కపిలవస్తు కట్టుకున్నారని, తమ వాటా అస్థికలతో అక్కడ స్తూపం వేసుకున్నారని ఆయన ఊహ. అప్పుడు పెరిగిన ఊరు తిలౌరాకోట్, పేరు కొనసాగిన ఊరు పిప్రహ్వా అవుతాయి. చెదిరిన ఊరి జనం కొత్తచోట పాత పేరే పెట్టుకోవడం ప్రాజెక్టుల కింద మునిగిన మన ఊళ్ళ పునరావాస కాలనీల్లో చూస్తూనే ఉన్నాం.

చక్కగా అతికే ఊహే, కాని ఇది ఊహే. తిలౌరాకోట్ ఆ కాలంలో ఒక్కసారిగా ఖాళీ అయిందనడానికి తవ్వకాల్లో ఆధారం లేదు. ఆ తర్వాత కూడా అక్కడ ఇటుక గోడలు లేచాయి, నాణేలు చెలామణి అయ్యాయి. అన్ని ముక్కలూ ఇంత సులువుగా కలిసిపోయే కథను కొంత దూరంగా ఉంచి చూడడమే మంచిదని నా అభిప్రాయం.

‘రాజభవనం’ అన్న మాట

ఈ రెండు ఊళ్ళ తగాదాలో మరుగున పడేది, అసలు వెతుకుతున్నది ఎలాంటి ఇంటిని అన్న ప్రశ్న. మూడు కాలాలకు మూడు మేడలు, నాట్యగత్తెలు, బంగారు ద్వారాలు మన మనసుల్లో ఉన్నాయి. కాని శాక్యులది రాజరికం కాదు, పెద్దలు సంథాగారమనే సభామందిరంలో కూడి నిర్ణయాలు తీసుకునే గణం. అది కోసల రాజ్యపు పెత్తనం కింద ఉండేది. అలాంటి గణాల్లో ‘రాజా’ అన్నది పెద్దరికపు బిరుదు. శుద్ధోదనుడు చక్రవర్తిగా మారింది తర్వాతి కావ్యాల్లో. మూడు మేడల మాట పాలి సూత్రాల్లోనే ఉంది గాని, అదే పాలి సూత్రాల్లో మరోచోట సిద్ధార్థుడు అమ్మానాన్నలు ఏడుస్తుండగా జుట్టు తీయించుకుని ఇల్లు వదిలానని చెబుతాడు. అర్ధరాత్రి గుర్రమెక్కి కోట దాటడం ఆ వాక్యంలో లేదు.

గుర్రం, ద్వారం, నిద్రపోతున్న అంతఃపురం మన కళ్ళకు కట్టింది శిల్పులు. అమరావతిలో, నాగార్జునకొండలో సిద్ధార్థుని నిష్క్రమణను చెక్కినవారు తమ కాలపు తెలుగునేల నగరాలనే కపిలవస్తుగా చెక్కారు. వాళ్ళు చూసిన ద్వారాలు, తలపాగాలు, నగలు అవి. క్రీ.పూ. 5వ శతాబ్దపు శాక్యుల పెద్ద ఇల్లు మట్టితో, కర్రతో, గడ్డి కప్పుతో ఉండి ఉంటుంది. తిలౌరాకోట్‌లోనూ గన్వారియాలోనూ నేడు కళ్ళకు కనిపించే ఇటుక గదులు చాలావరకు ఆ తర్వాతి శతాబ్దాలవి. కాబట్టి ‘ఇది సిద్ధార్థుని పడకగది’ అని ఏ చోటనైనా ఎవరైనా చెబితే, ఊరు సరైనదే అయినా ఆ మాట నిలవదు.

పేర్ల పోటీ

పండితుల తగాదాకు సరిహద్దు రాళ్ళు తోడయ్యాయి. నేపాల్‌లో జిల్లా పేరే కపిలవస్తు. 1996లో ఆ దేశం తిలౌరాకోట్‌ను ప్రాచీన శాక్య రాజ్యపు అవశేషాలుగా యునెస్కో తాత్కాలిక జాబితాకు పంపింది. ఇటు ఉత్తరప్రదేశ్ 1988లో సిద్ధార్థనగర్ జిల్లాను ఏర్పరచింది. అక్కడి విశ్వవిద్యాలయం చిరునామాలో కపిలవస్తు ఉంది. పిప్రహ్వా అస్థికలను భారత ప్రభుత్వం 2012లో శ్రీలంకకు, 2022లో మంగోలియాకు దర్శనార్థం పంపినప్పుడు వాటిని ‘కపిలవస్తు ధాతువులు’ అనే పేర్కొంది. బ్యాంకాక్‌లో, కొలంబోలో, ఉలాన్‌బాతర్‌లో లక్షల మంది మొక్కుతున్న వస్తువుకు పేరు పెట్టడం అంటే, చెప్పకుండానే ఆ వివాదంలో ఒక పక్షం తీర్పును ప్రకటించడం. నేపాల్‌లో దీనిపై అసంతృప్తి ఉండడం సహజమే. అస్థికలు, ముద్రలు దొరికింది మా నేల మీద అని భారతీయ పురావస్తు వర్గాలు అనడమూ సహజమే.

నా దృష్టిలో తూకం ఇలా ఉంది. బుద్ధుని కాలపు ఊరు అన్న ప్రశ్నకు తిలౌరాకోట్ బలమైన అభ్యర్థి, ఎందుకంటే ఆ కాలంలో హద్దు కట్టుకుని, పెద్దదవుతూ, నగరంగా మారిన జనావాసం అక్కడ పొర పొరగా కనిపిస్తోంది. కుషాణుల నాటి భిక్షువులు కపిలవస్తు అని దేన్ని పిలిచారన్న ప్రశ్నకు పిప్రహ్వా జవాబు, అది పేరున్న ముద్రలతో సహా దొరికింది. శాక్యులు బుద్ధుని అస్థికలను ఎక్కడ ఉంచుకున్నారన్న మూడో ప్రశ్నకు కూడా పిప్రహ్వాదే పైచేయి. ఒక ప్రశ్నకు దొరికిన సాక్ష్యాన్ని మరో ప్రశ్నకు వాడినప్పుడే రెండు ఊళ్ళూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి.

గన్వారియాలో గాని, తిలౌరాకోట్‌లో గాని తవ్వింది కొంతే. తిలౌరాకోట్ చెరువు గట్టునో, దక్షిణపు దిబ్బల కిందో ‘కపిలవస్తు’ అన్న ఐదు బ్రాహ్మీ అక్షరాల తునక ఒకటి దొరికితే, లేదా గన్వారియా చుట్టూ కర్రలు పాతిన గుంతల వరుస బయటపడితే పై తూకం మారుతుంది. తవ్వకం ముగిశాక గుంతలను మళ్ళీ మన్నుతో పూడ్చి, పైన గడ్డి మొలవనివ్వడం పురావస్తు శాఖల పద్ధతి. అందువల్ల తిలౌరాకోట్ తూర్పు ద్వారం దగ్గర నిలబడిన యాత్రికుడికి ఆ కర్రదడి గుంతలు కనిపించవు. అతని కాళ్ళ కింద, ఇటుకల కింద, మట్టికట్ట కింద అవి ఉన్నాయి.